క్యాసెట్ సంచీ మీద చేప

ఏ సంగతైనా చివరిదాకా తెలిసేవరకూ ఆకెసికి ముద్ద దిగదు. పొరుగింటి పంది ఈనినా ముందు ఆమే వెళ్లి చూడాలి. వావావు దీవిలో చెట్టు బెరడును సుత్తితో సాగగొట్టి బట్ట చేసే ఆడవాళ్ల జట్టులో ఆమెది మంచి చెయ్యి. నోరు అంతకంటే పెద్దదని జట్టంతా అంటుంది.

ఆమె ప్రాణస్నేహితురాలు లోసె. వదిన చనిపోయాక అన్న పిల్లల్ని సాకడానికి దూరపు లంకకు వెళ్లిపోయింది. పడవెక్కుతూ ఒక్కటే అడిగింది.

"రేడియోలో వచ్చే పాటలు క్యాసెట్‌కెక్కించి పంపవే. ప్రేమపాటలుండాలి. కీర్తనలు నాకు చర్చిలో చాలు."

ఆకెసి ఎక్కించింది. ఒకవైపు కీర్తనలూ బ్యాండుమేళం, రెండోవైపు నిండా ప్రేమపాటలు. అప్పుడు పట్టుకుంది అసలు చిక్కు. ఆ దీవుల్లో అన్నాచెల్లెళ్లు ఒకే కప్పు కింద కూర్చుని ప్రేమపాట వినరు. పొరపాటున మోగిందా, అన్న లేచిపోతాడు, చెల్లెలు తలెత్తుకోలేదు. ఏ వైపు ఏముందో లోసెకు తెలియాలి. కాగితం మీద రాసి పంపుదామంటే, రేవులో సరుకు దించుకునేది అన్న సామిసోనీ. అది అతని కంటపడినా సిగ్గే.

అందుకని మిగిలిన బెరడుబట్ట ముక్కలు తెచ్చి, కర్రపెండలం గంజితో అతికించి సంచీ చేయసాగింది.

"ఏంటే అది?" అంది జట్టులో పెద్దది హెలేనీ పిన్ని.

"క్యాసెట్‌కి చొక్కా."

"దానికేం చలేస్తోందా?"

"నీకన్నీ కావాలి పిన్నీ!"

"ఆ రోగం నీ దగ్గరే అంటుకుందిలే."

సంచీకి మసి రంగుతో ఒకవైపు కొబ్బరాకు, రెండోవైపు చేప వేసింది. క్యాసెట్ మీద ప్రేమపాటల వైపు కూడా అలాంటిదే చిన్న చేప అతికించింది. కొబ్బరాకంటే అన్న ఇంట్లో ఉన్న వేళ, చేపంటే అన్న వేటకెళ్లిన వేళ. లోసెకు అర్థమవుతుందా? ఇంత తెలివి తనకుంటే చాలదు, అవతల మనిషికీ ఉండాలి కదా అని భయం పట్టుకుంది. అయినా పంపేసింది.

ఆ తర్వాత ఏ పడవ వచ్చినా రేవులో ఆమే ముందు. "లోసె ఎలా ఉంది? నవ్వుతోందా? అన్న మాట్లాడుతున్నాడా?" అని సరంగులను పీడించింది. వాళ్లకేం తెలుసు, బాగానే ఉందనేవారు.

చివరికి ఒకరోజు సామిసోనీయే చేపల బుట్టతో ఆమె వాకిట్లో నిలబడ్డాడు. అయిపోయింది, నా మూలంగా లోసె పరువు పోయింది అనుకుంది ఆకెసి.

"రా అన్నా, కూర్చో," అంది, చాప పరుస్తూ.

అతను చాప చివర కూర్చుని, సముద్రంకేసి చూశాడు.

"నువ్వు పంపిన సంచీ చెల్లి గుమ్మానికి తగిలించుకుంది," అన్నాడు.

"ఊఁ."

"చేప వైపు కనబడితే నేను మళ్లీ సముద్రంలోకెళ్లి ఇంకో రెండు వలలు వేసుకొస్తున్నా."

లోపలున్న హెలేనీ పిన్ని బయటికి పరుగెత్తుకొచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"బొమ్మే మరీ చిన్నది," అన్నాడతను, ఇంకా సముద్రాన్నే చూస్తూ. "పడవలోంచి కంటికి ఆనట్లేదు. గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోవాల్సొస్తోంది. కాస్త పెద్దది వేసిపెట్టు, తల్లీ."

బుట్ట అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. పాటల ఊసే ఎత్తలేదు.

ఆకెసి కళ్లు తుడుచుకుని మసి గిన్నె దగ్గరికి లాక్కుంది. ఈసారి మూరెడు చేప వేసింది.