‘ఒగ్గీ’కి నేను రాసిన అర్థం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఒక జనవరి నెలలో, దక్షిణాదిలోని ఒక మహానగరంలో జరిగే పెద్ద మారథాన్‌కు నన్ను అంపైర్‌గా వేశారు. అప్పటికి నేను అనకాపల్లిలో ఒక కాలేజీకి ఫిజికల్ డైరెక్టర్‌ని. అథ్లెటిక్స్ అఫీషియల్స్ పరీక్షలు ప్యాసై, సెలవు దొరికినప్పుడల్లా పోటీలకు వెళ్ళడం నా సరదా. సరదా అంటే మా ఆవిడ ఒప్పుకోదు, పిచ్చి అంటుంది.

అంపైర్ అనగానే అందరికీ క్రికెట్ గుర్తొస్తుంది. రోడ్డు పరుగులో అంపైర్‌కి వేలెత్తి ఔటిచ్చే దర్జా ఏమీ లేదు. మోటారు సైకిల్ వెనక సీటులో కూర్చుని రన్నర్ల వెంట వెళ్ళాలి. నిబంధన తప్పినట్టు ఏదైనా కనిపిస్తే, వినిపిస్తే, కాగితం మీద రాసి రెఫరీకి ఇవ్వాలి. నిర్ణయం రెఫరీది. ఆ ఏడు రెఫరీ కేరళ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చదువుతుంది. రిపోర్టులో కామా తప్పినా వెనక్కి పంపే రకం.

నాకు అప్పగించింది భారతీయ ఎలీట్ పురుషుల, అంటే మేటి రన్నర్ల గుంపు. చదివేవారికి ఇది కొంచెం చెప్పాలి. పెద్ద మారథాన్‌లో విదేశీ రన్నర్లూ మనవాళ్ళూ ఒకే తుపాకీ మోతకు బయలుదేరతారు. కాని మనవాళ్ళకు వేరే వరస, వేరే బహుమతులు. ముందు దూసుకుపోయే కెన్యా వాళ్ళ సంగతి పక్కనబెట్టి, మనవాళ్ళు మనవాళ్ళతోనే తేల్చుకుంటారు. టీవీలో చూసేవాళ్ళకు ఎక్కడో పన్నెండో స్థానంలో వస్తున్న మనిషి అంత కసిగా ఎందుకు పరిగెడుతున్నాడో అర్థం కాదు. అతని అసలు పందెం అక్కడే నడుస్తోంది మరి.

ఆ గుంపులో మా వైపు కుర్రాడొకడు ఉన్నాడు. రావికమతం దగ్గర పల్లె, పేరు నూకరాజు. పెళ్ళయింది, చిన్న పాప ఉంది. రాంబిల్లి వైపు ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు పని చేసేవాడు. షిఫ్టులకీ ప్రాక్టీసుకీ పొసగక దాన్ని మానేసి ఏడాదిగా పరుగే నమ్ముకుని ఉన్నాడు. ఆ ఏడు బహుమతి వస్తే ఇంకో ఏడాది పరిగెత్తవచ్చు. స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ జతచేయవచ్చు. రాకపోతే మళ్ళీ కంపెనీ గేటు దగ్గర నిలబడాలి. మా కాలేజీ గ్రౌండుకు వచ్చిపోతుండేవాడు కాబట్టి ఇదంతా నాకు తెలుసు. తెలిసిన మనిషి ఉన్నాడని రెఫరీకి ముందే చెప్పాను కూడా. అలా చెప్పడం పద్ధతి. ఆవిడ తలెత్తి, అయితే ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి అంది. ఆ మాట నా బుర్రలో గట్టిగా కూర్చుంది.

ముప్పై ఏడో కిలోమీటరు దాటేసరికి మనవాళ్ళలో ఇద్దరే ముందు మిగిలారు. నూకరాజు, ఒక సైన్యం కుర్రాడు. ఇద్దరూ ఆరు నెలలు ఒకే క్యాంపులో కలిసి తిని, కలిసి పరిగెత్తినవాళ్ళు. భుజం భుజం రాసుకుంటూ వెళుతున్నారు. ముప్పై ఎనిమిది బోర్డు రాగానే నేను తలవంచి టైమ్ రాసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే డివైడర్ మీద నుంచి గొంతు చించుకుని ఎవరో అరిచారు.

“ఒగ్గీ బావా! ఒగ్గీ!”

పరాయి ఊరిలో మన మాట వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. అయినా రాస్తున్న టైమ్ ముగించి తలెత్తాను. అప్పటికే నూకరాజు వెనకబడ్డాడు. సైన్యం కుర్రాడు పది గజాలు ముందున్నాడు. చూస్తుండగానే అది ముప్పై గజాలైంది. నూకరాజు కుంటుతున్నట్టు నాకు అనిపించలేదు. చివరికి మనవాళ్ళలో రెండోవాడుగా గీత దాటాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒగ్గీ అంటే మా వైపు వదిలెయ్ అని. ఇద్దరూ ఒకే క్యాంపు వాళ్ళు, మనవాడికి చెందినవాడెవడో వదిలెయ్ అన్నాడు, వీడు వదిలేశాడు. ముందే మాట్లాడుకుని మొదటి బహుమతి పంచుకుంటున్నారని నా లెక్క. శక్తి ఉండీ నిజాయితీగా పోటీ పడనివాడిని ఫలితాల్లోంచి తీసేసే అధికారం రెఫరీకి ఉంది. ఆ పైన అథ్లెటిక్స్ సంఘం విచారణ, నిషేధం. మనవాడని చూసీ చూడనట్టు ఊరుకున్నానని రేపు ఎవరూ అనకూడదు. కాగితం తీసి ఇంగ్లీషులో రాశాను: ముప్పై ఎనిమిదో కిలోమీటరు వద్ద బయటి వ్యక్తి ఒకరు తెలుగులో ‘వాడిని వదిలెయ్’ అని రెండుసార్లు అరిచారు, వెంటనే రన్నర్ వేగం తగ్గించాడు. సంతకం పెట్టి టైమ్ వేశాను. అక్షరం కొట్టివేత లేని రిపోర్టు. చూసుకుని మురిసిపోయాను కూడా, సిగ్గులేకపోతే సరి.

మొదట వచ్చిన మనవాళ్ళను డోప్ పరీక్షకు తీసుకెళతారు. ఆ శాంపిల్ ఫలితం వచ్చేదాకా బహుమతి ఎవరికీ చేతికి రాదు. నూకరాజును అటునుంచి అటే రెఫరీ గుడారానికి తెచ్చారు. అతనికి ఇంగ్లీషు రాదు, హిందీ అంతంత. ఆవిడకు తెలుగు రాదు. నన్నే చెప్పమంది. రాసినవాడే దుబాసీ అయ్యాడు. అది కూడా తప్పేనని ఇప్పుడు అంటాను, అప్పుడు నాకు తట్టలేదు.

రిపోర్టు చదివి వినిపించాను. ఉప్పు తేలిన మొహం మీద అతని కళ్ళు మాత్రం కదిలాయి.

“ఎవుర్ని ఒగ్గీమన్నాడని రాసేరు మాస్టారూ?”

“వాడిని. ఆ సైన్యం అబ్బాయిని.”

“ఆడ్నా? మా బావ ఆడ్ని ఒగ్గీమన్నాడా? ఆ మాట మీరిన్నారా?”

నిజమే, ‘ఒగ్గీ’ విన్నాను, ‘బావా’ విన్నాను. ‘ఆడ్ని’ వినలేదు. ఆ మాట ఎవరూ అనలేదు. నా బుర్ర దాన్ని తెచ్చి పెట్టుకుంది, నా చెయ్యి రాసేసింది.

ఏమంటున్నాడని రెఫరీ అడిగింది. అరిచిన బావను పిలిపిస్తే తేలుతుంది అన్నాను. సత్తిబాబు అనే అతను, నూకరాజు అక్క మొగుడు, బ్యాగు గుండెకు హత్తుకుని వచ్చాడు. లోపల అడుగు పెట్టగానే అడగకుండానే మొదలెట్టాడు.

“నానేటి తప్పు సేసేను బాబూ? ఆ సీసా ఒగ్గీమన్నాను. ముప్పై అయిదు కాడ తాగీసి, కాళీ సీసా సేత్తో పట్టుకుని మూడు కిలోమీటర్లు పరిగెడతన్నాడు! ఎవుడైనా పరిగెడతాడేటండీ అలాగ?”

ఎలీట్ రన్నర్లు తాగే నీళ్ళు ముందురోజే తమ తమ సీసాల్లో పోసి, నంబరు అంటించి ఇస్తారు. వాటిని ప్రతి అయిదు కిలోమీటర్లకూ బల్లల మీద పెడతారు. అందరూ పారేసే సీసాలు తెస్తారు. నూకరాజుకు ఒకటి తక్కువైతే పాప బడికి పట్టుకెళ్ళే కొత్త సీసా పెట్టాడు. గులాబీ రంగు, మెడకు పట్టీ. సత్తిబాబు దాన్ని బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నంబరు ఇంకా అంటుకునే ఉంది.

“పారీలేపోయేను మాస్టారూ,” అన్నాడు నూకరాజు. “సీసా ఏదని ఏడుస్తాదని. బావ అరిసేసరికి, ఇసిరితే పగిలిపోద్దని వంగి డివైడర్ మీద ఎట్టేను. వంగడంలో పిక్క పట్టీసింది. మరి లెగలేదు కాలు.”

నేను తలవంచి టైమ్ రాసుకున్న ఆ మూడు సెకన్లలో జరిగింది అంతా. చేతిలో సీసా ఉండడం నేరం కాదు కాబట్టి అంతకుముందు దాన్ని నేను పట్టించుకోలేదు. ఇద్దరి మాటలూ నేను ఇంగ్లీషులో చెప్పాక రెఫరీ ముప్పై అయిదో కిలోమీటరు బల్ల దగ్గరి జాబితా తెప్పించి ఆ నంబరు చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది. ‘వాడిని’ అన్న మాట మీరు విన్నారా అని అడిగింది. సూటి ప్రశ్న. తప్పించుకోవడానికి సందు ఉంది, జనం గోలలో సరిగ్గా గుర్తులేదనవచ్చు. అలా అంటే రిపోర్టు నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది. ఎదురుగా ఆ కుర్రాడు పిక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. వినలేదు, నేను చేర్చాను అని చెప్పాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో అంత చిన్న వాక్యం అంత కష్టంగా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ మాట కొట్టివేయించి, పక్కన సంతకం, టైమ్ పెట్టించింది. మిగిలినదాన్నిబట్టి చర్య తీసుకునేదేమీ లేదని రాసింది. రెండో స్థానం ఖాయం అయింది. మొదటి స్థానం ఎటూ పోయింది, దాన్ని ఏ కాగితమూ తేలేదు. నన్ను పిలిచి ఒక్కటే అడిగింది, మీకు తెలుగు రాకపోతే ఏం రాసేవారు అని.

రెండు నెలల తర్వాత బహుమతి వచ్చిందని నూకరాజు గ్రౌండుకు వచ్చి చెప్పాడు. ముందు నేను క్షమాపణ అడిగాను. అంత పెద్దవాడిని అలా అడిగేసరికి పాపం కంగారు పడిపోయాడు.

“మీరు మనోరు కాబట్టి అలాగ అర్థమైంది మాస్టారూ. పైవోడైతే ఎవుడో ఏటో అరిసేడని ఊరుకునీవోడు.”

నన్ను ఓదార్చడానికే అన్నాడు. అందులో వెటకారం ఇసుమంత లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత సర్వీసులో ఉన్న రెండేళ్ళూ రిపోర్టులో విన్న మాటను విన్నట్టే, ఏ భాషదైతే ఆ భాషలో రాసి, అడ్డంగా గీత గీసి, నాకు తోచిన అర్థం గీత కింద విడిగా రాశాను. గీత పైన రాసింది ఎప్పుడూ తప్పు కాలేదు. గీత కింద రాసింది ఇంకో రెండుసార్లు తప్పయింది.