నాలుగో రాబర్ట్

యలహంక నుంచి బ్రూక్‌ఫీల్డ్ వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. ఆవిడ ఒళ్లో ఒక వంశవృక్షం పరిచి ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కిందటి ఫ్రాన్సు ప్రభువుల కుటుంబమట. అలాంటివి కంప్యూటర్లో ఎక్కించడం ఆవిడ ఉద్యోగం.

ఒకే తల్లి కింద నలుగురు రాబర్ట్‌లు కనిపించారు. తప్పు పడిందేమో అన్నాను.

"తప్పు కాదప్పా. ముగ్గురు పసిబిడ్డలప్పుడే పోయినారు. పోయినోడి పేరే తరువాత పుట్టినోడికి పెడతా వచ్చినారు. నాలుగోవాడు బతికినాడు." ఆవిడ పెన్సిలుతో ఆ చివరి పేరును మెల్లగా తట్టింది. "వీనికి ఆ సంగతి చెప్పింటారంటావా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నా ఎడమ చెంపమీద ఏదో ఉండాల్సినట్టు అక్కడే చూస్తూ ఉండిపోయింది.

"నీకు ముందర ఎవురన్నా ఉండిరా అప్పా?"

"లేదమ్మా, నేనే మొదటివాణ్ణి."

"సరేలే" అని కాగితం మడిచి, తర్వాతి స్టాపులో దిగిపోయింది.

మా ఇంట్లో నా ఏడాది వయసప్పటి ఫోటో ఒకటి ఉంది. వెనకాల నాన్న చేతిరాతలో నా పేరుంది. ఫోటోలో బిడ్డకు ఎడమ చెంపమీద పెద్ద పుట్టుమచ్చ. పెరిగేకొద్దీ అది పోయిందని అమ్మ చెప్పేది.

అమ్మ పేరుపెట్టి పిలిస్తే ఈ మధ్య నేను వెంటనే పలకడం లేదు.