తెరచాప దించిందెవరు?

ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే టీ వంకతో లేచి వెళ్లిపోయే రకాన్ని నేను. ఉక్కు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లుగా క్రేన్ల మెయింటెనెన్స్ చేస్తున్నాను. ఏది కదిలినా దానికో కారణం ఉంటుందని నమ్మినవాణ్ణి. అందుకే ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాకో చిన్న తెరచాప పడవ ఉంది. ఇంజను లేదు. సెలవు రోజుల్లో హార్బరు దాటి కాస్త దూరం పోయి వస్తుంటాను. పోయిన మే నెలలో ఒక ఆదివారం పొద్దున్న నా బావమరిది సూరిని తీసుకెళ్లాను. లైఫ్ జాకెట్ వేశాను గానీ, వాడికి ఈత రాదు. "మా అమ్మకి ఒక్కగానొక్క కొడుకు, జాగ్రత్త" అని మా ఆవిడ గుమ్మందాకా వచ్చి మరీ చెప్పింది. "నేనున్నాగా" అన్నాను.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. గాలి పెరిగితే తెరచాపను సగం దించి, దిగిన గుడ్డను దాని అడుగునుండే కర్రకు చుట్టి కట్టేయాలి. రీఫ్ చేయడం అంటారు. లేకపోతే పడవ బోల్తా కొడుతుంది. దించాలంటే తెరచాపను పైకి లాగే తాడును వదులు చేయాలి. అంతకుముందు వారం ఆ తాడు జారి, తెరచాప మొత్తం నా నెత్తిన పడింది. ఫ్యాక్టరీ బుద్ధి ఎక్కడికి పోతుంది? జారేదాన్ని బిగించడమే మాకు తెలిసిన పని. తెరచాప స్తంభం మీద తాడు చుట్టే కొక్కేనికి ఆ తాడును బైండింగ్ వైరుతో కట్టేసి, కటింగ్ ప్లేయరుతో ఆరు మెలికలు తిప్పాను. ఆ ప్లేయరు ఇంట్లోనే ఉండిపోయింది.

డాల్ఫిన్ నోస్ కొండ దాటామో లేదో పడమట నల్లబడింది. చల్లగాలి ఒక్కసారి మొహానికి తగిలింది. రీఫ్ చేయాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే చేసేయాలంటారు. నాకు ఆలోచన వచ్చింది. వెంటనే వైరు గుర్తొచ్చింది.

గాలి విరుచుకుపడింది. పడవ పక్కకి ఒరిగి నీళ్లు లోపలికి వచ్చేస్తున్నాయి. పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పి, చుక్కానిని రెండు చేతులా పట్టుకున్నాను. వదిలితే అంతే సంగతులు.

"బావా, ఇప్పుడేటి సేద్దాం?" అని అరిచాడు సూరి. బోర్లా పడుకోమన్నాను. వైరున్న చోటు నాకు ఏడెనిమిది అడుగుల దూరం, కానీ వెళ్లలేను. వాన కళ్లల్లో కొడుతోంది. మా అత్తగారికి ఏ మొహం చూపించాలా అనుకున్నాను. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను కూడా.

అప్పుడు తెరచాప దిగింది. జారి పడలేదు, మెల్లగా దిగింది. సగానికి వచ్చి ఆగింది. పడవ లేచి నిలబడింది.

పావుగంటకి గాలి తగ్గింది. చూస్తే దిగిన గుడ్డ కర్రకు చక్కగా చుట్టి ఉంది. ఐదు కట్లు, అన్నీ ఒక్క కొస లాగితే ఊడిపోయే ముడులు. నాకు ఆ ముడి రాదు. వైరు తెగలేదు. మెలికలన్నీ విప్పి, ఉంగరంలా చుట్టి కొక్కేనికి తగిలించి ఉంది.

సూరి నా చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. "నా మీంచి దాటుకెల్లి కట్టేసినావు బావా. నా ఈపు మీద సెయ్యేసి మరీ ఎల్లావు. నువ్వు లేకపోతే నాను సచ్చిపోదును."

నేను చుక్కాని వదల్లేదు. అరచేతుల్లో బొబ్బలు మూడు రోజులున్నాయి.

ఆ కట్లను ఫోన్లో ఫోటో తీసి, పూర్ణా మార్కెట్ దగ్గర ఆ తెరచాప కుట్టిన సాహెబుగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ముడి నాదే బాబూ. కుట్టిన సాప మడతెట్టి ఇచ్చేటప్పుడు ఇలాగే కడతాను. కానీ నాను జిందగీలో పడవెక్కలేదు. సముద్రమంటే నాకు బయ్యం."

ఆ ఆదివారం పొద్దున్న ఆయన కుట్టుమిషను ముందే ఉన్నారట. పక్క కొట్టువాళ్లూ అదే చెప్పారు.

ఇంటికొచ్చి అలాంటి వైరే మళ్లీ బిగించి చూశాను. ఉత్త చేతుల్తో ఒక్క మెలిక కూడా విప్పలేకపోయాను.

ఇప్పుడు కొక్కేనికి తాడు మాత్రమే చుడుతున్నాను. ఇంట్లో నలుగురూ చేరినప్పుడల్లా సూరి ఈ సంగతి ఎత్తుతాడు. బావ ప్రాణాలకు తెగించాడంటాడు. మా అత్తగారు నా కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేస్తారు. నేను తల దించుకుని తింటాను. ఆ వైరు కట్టింది నేనేనని ఇంతవరకు చెప్పలేదు. విప్పింది నేను కాదంటే, మరెవరని అడుగుతారు. నాకు తెలియదు.