గుంజితే తెగుతది

మొన్న ఆదివారం పొద్దుగాల పదకొండు గంటలకు మా సత్తెక్క తన వంకర మోకాలికి వేడి ఆముదం రాసుకుంటుంటే ఆ జిడ్డు వాసన ఇల్లంత నిండింది. ఆ వాసనల్నే కూసొని నా మనుమరాలు మౌనిక టీవీల రాబోయే కాలం కథ పెట్టింది. చుక్కల నడుమ తిరిగే ఓడ, ఆ ఓడల ఒక దవాఖాన. సిపాయి పిక్కల ఏదో పురుగు దూరింది. డాక్టరమ్మ నీలం వెలుగు కొట్టి, బారెడు పురుగును ఒక్క గుంజుడు గుంజింది. సిపాయి నవ్వుకుంట లేచి ఉరికిండు. కింద వచ్చే తెలుగు అక్షరాలు నేను కూడబలుక్కొని సగం చదివేలోపట వాని రోగమే నయమైంది.

"తెగుతది," అన్నది సత్తెక్క, టీవీ దిక్కు చూసుకుంట.

నాకు పురుగును చూస్తే ఏం కాలే, ఆ తెల్లటి అర్రను చూస్తే చిరాకు లేసింది. చీము లేదు, కంపు లేదు, కాలు పట్టుకునేటోళ్లు లేరు, మూలకు కూసొని ఏడ్చే తల్లి లేదు. గిది దవాఖాననా అని పైకే అన్న.

మా చిన్నప్పుడు ఇబ్రహీంపట్నం దిక్కు ఊర్లల్ల నారి అని ఒక రోగం ఉండె. మామిడికాయ తొక్కు పెట్టే దినాలల్ల, తాటిముంజలు జుర్రుకుంట ఎండల తిరిగే దినాలల్ల, కాళ్లకు బొబ్బ లేసి పగిలి, తెల్లటి దారం అసొంటి పురుగు తల బయట పెడుతుండె. నిప్పుల మీద కాలు పెట్టినంత మంట. ఆ మంట చల్లారనీకి అందరం పోయి మెట్లబాయిల కాళ్లు పెట్టి కూసుంటుంటిమి. పురుగు తన పిల్లలను ఆ నీళ్లల్లనే వదులుతదని ఎవరికి ఎరుక? ఆ నీళ్లే కడవల ముంచుకొని తాగుడు, పీర్ల పండుగకు ఆ నీళ్లల్లనే బెల్లం షర్బత్ కలుపుడు. ఒకరి పుండు కడిగిన నీళ్లు ఇంకొకరి గొంతుల. చెప్తుంటే ఇప్పుడు సుత రోత పుడుతున్నది.

సత్తెక్క తొక్కుడుబిళ్లల ఒంటికాలు మీద గడులన్ని దాటి, అదే కాలు మీద తిరిగొస్తుండె. ఆ కాలికే, మోకాలు పక్కన, నారి లేసింది. మా పక్కింటి ముసలమ్మ హుస్సేన్‌బీ పురుగు తలను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు జరంత తిప్పి, మీద వేపాకు పెట్టి గుడ్డ కట్టేది. తొలకరి పడ్డది. చేన్ల విత్తనం పెట్టనీకి సత్తెక్క సుత కావాలె. మా బాపుకు ఓపిక అయిపోయింది.

"ఏంది బీ, మగ్గం నేస్తున్నవా?"

"నీ కాలైతే తెలుస్తుండె. జర సబర్ చెయ్. గుంజితే తెగుతది."

అమ్మ అక్క భుజాలు పట్టింది, నేను పాదం పట్టిన. బాపు పుల్ల పట్టి గుంజిండు. తెగింది. తెగిన సగం లోపటికి పోయింది. మోకాలు కుండంత వాచి, చీము పట్టి, ఆ కంపుకు పక్కన కూసొని బుక్క తినలేకపోయినం. వాపు తగ్గింది గని కాలు సాగలే. మళ్ల ఏ బతుకమ్మకూ అక్క చుట్టు తిరగలే, గోడకు ఆనుకొని చప్పట్లు కొట్టింది.

"అది రాబోయే కాలం నాయనమ్మ. అప్పటికి అన్ని వస్తయి," నా మాటకు అన్నది మౌనిక, టీవీ దిక్కు చూపెట్టుకుంట.

రానీ. కడుపు లోపటిది చూపెట్టే మిషిన్ నా మీదనే పెట్టిన్రు, నమ్మిన. వెలుగుతోని పుండు మానుతదన్నా, పోనీ, నమ్ముత. పురుగును తీసి, ఇది ఎక్కడికెల్లి వచ్చిందని అడగని డాక్టరును మాత్రం నమ్మ. ఆ ఓడల తాగే నీళ్లు ఎవరన్న చూసిన్రా? మా నారిని ఏ వెలుగూ చంపలే అని పిల్లకు చెప్పిన. దవాఖానోళ్లు వచ్చి మెట్లబాయి మూపిచ్చిన్రు, బోరింగు ఏపిచ్చిన్రు, కడవ మూతికి గుడ్డ కట్టి నీళ్లు వడబోసుడు నేర్పిన్రు. గుడ్డ కట్టుడు టీవీల పెడితే ఎవడు చూస్తడు?

"నారి అంటే ఏంది?" అని అడిగింది పిల్ల.

సత్తెక్క చీర జరిపి మోకాలు చూపెట్టింది. మౌనిక మొఖం తిప్పుకున్నది, జరసేపటికి మళ్ల చూసింది, టీవీ బంద్ చేసింది.

మెట్లబాయి ఉన్న తావుల ఇప్పుడు ప్లాట్ల రాళ్లు పాతిన్రు. నారి పోయింది, దాని పేరు సుత పోయింది. బాపు పుల్ల గుంజిన నాడు మా వాకిట్ల ఉన్నది బాపు, అమ్మ, హుస్సేన్‌బీ, సత్తెక్క, నేను. మొన్న టీవీ ముందట ఉన్నది సత్తెక్క, నేను, నారి అనే మాట అప్పుడే విన్న మౌనిక.