చెట్టు లేని వీధిలో వేర్లు

మా ఊళ్ళో ఏ ఇంటి మురుగు పైపు పూడుకుపోయినా, అందులోంచి చెట్టువేరు తప్ప మరొకటి తియ్యని మనిషి ఒకడున్నాడు. ఆస్పత్రి కావచ్చు, బడి కావచ్చు, పని ముగించి చేతులు కడుక్కుని ఒకటే మాట చెబుతాడు. "వేరండి." అందుకే ఆయన్ని అందరూ వేర్ల మేస్త్రి అంటారు.

ఒకసారి మూడో అంతస్తులో ఉన్న మంగలి దుకాణం పైపు బాగుచేసి అదే మాట చెప్పాడట. "మూడో అంతస్తుకి వేరు ఎలా వచ్చిందయ్యా?" అని యజమాని నిలదీశాడు. "మొండిదండి. ఎక్కింది" అన్నాడట.

నేను మనుషుల్ని తేలిగ్గా మెచ్చుకునేవాణ్ణి కాదు. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా ప్రతి ఏడూ మొదటివాణ్ణి. ఇరవయ్యో ఎక్కం కిందనుంచి పైకి అప్పజెప్పేవాణ్ణి. ఈ వీధి సంఘానికి పదకొండేళ్ళు అధ్యక్షుణ్ణి. వీధి దీపాలు నా హయాంలో వచ్చినవే. అరవై దాటినవాళ్ళ నడక పందెంలో వరుసగా మూడేళ్ళు కప్పు నాదే. అలాంటి నేను ఈ మేస్త్రిని చూసి నోరెళ్ళబెట్టాను. ఎందుకో చెబుతాను.

మాది రెండంతస్తుల ఇల్లు. కింద నేనూ, మా ఆవిడా. పైన ఒక దర్జీ అమ్మాయి, ఆమె తల్లి ఆరేళ్ళుగా అద్దెకుంటున్నారు. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చప్పుడుతోనే మాకు తెల్లవారుతుంది. ఒక మంగళవారం మా బాత్రూములో నీళ్ళు సరిగ్గా పోవడం మానేశాయి. పైన వాళ్ళు కుళాయి తిప్పితే కింద మాకు పొంగుతోంది. నాకు వెంటనే అర్థమైంది. దర్జీ ఇల్లు, గుడ్డముక్కలు, ఇంకేం కావాలి? మెట్ల దగ్గర నిలబడి తీర్పు చెప్పేశాను.

"పైపులోంచి గుడ్డ బయటపడిందంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"బాబాయ్‌గారూ, ముక్కలన్నీ సంచిలో పోసి దిండ్లకి కూరుతున్నాను. ఒక్క దారప్పోగు కూడా తూములో వెయ్యను."

"పైపే చెబుతుందిలే."

ఆ అమ్మాయి పైకి వెళ్ళిపోయింది. మిషను ఆగిపోయింది. "అమ్మకి కళ్ళు సరిగ్గా కనపడవు. ఈ ఇంటి మెట్లయితే లెక్కపెట్టుకుని దిగుతుంది. కొత్త ఇంట్లో ఏం చేస్తుంది పాపం" అంది మా ఆవిడ. నేను వినిపించుకోలేదు. అధ్యక్షుడన్నవాడు ఒక మాట మీద నిలబడాలి.

మేస్త్రికి ఫోన్ చేశాను. కబురు పెట్టగానే వచ్చేసే రకం కాదు. ముందు డాక్టరులా ప్రశ్నలు వేస్తాడు.

"నీళ్ళు పూర్తిగా ఆగాయా, ఆలోచిస్తూ పోతున్నాయా?"

"ఆలోచిస్తున్నాయి."

"చప్పుడు గుడగుడా, గుటకా?"

ఫోన్ పట్టుకుని వెళ్ళి విని వచ్చాను. "గుటక."

"రేపు తొమ్మిదింటికి వస్తాను. అందాకా పైనా కిందా ఎవరూ స్నానం చెయ్యొద్దు. ఎవర్నీ తిట్టొద్దు."

"తిట్టడానికీ పైపుకీ సంబంధం ఏమిటయ్యా?"

"తిట్టిన ఇళ్ళల్లో వేరు గట్టిగా పట్టేస్తుందండి. రాదు."

మర్నాడు సరిగ్గా తొమ్మిదింటికి, భుజానికి ఇనప తీగచుట్ట తగిలించుకుని సైకిలు దిగాడు. గేటు తియ్యడానికి వెళ్తున్న నా నడక వంక ఒక్క క్షణం చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, మడమతో నేల తడుతూ పెరడంతా తిరిగాడు. ఒకచోట ఆగాడు. "ఇక్కడ" అన్నాడు. సిమెంటు పొర పగలగొడితే కింద మురుగు పైపు మూత. ఇటుక ఇటుకకీ దగ్గరుండి ఆ ఇల్లు కట్టించినవాణ్ణి, నాకే గుర్తులేదు. మూత తీసి, నేల మీద బోర్లా పడుకుని, పైన కుళాయి తిప్పించి చెవి పెట్టి విన్నాడు.

"పదకొండు అడుగుల లోపల" అన్నాడు.

"గుడ్డేనా? గుడ్డయితే నాకు చూపించాలి. వీళ్ళు ఖాళీ చెయ్యాల్సి ఉంటుంది" అన్నాను.

దర్జీ అమ్మాయి మెడలో కొలత టేపు వేళ్ళాడుతోంది. దాని రెండు కొసలూ గట్టిగా పట్టుకుని నిలబడింది. మేస్త్రి ఆమెని చూశాడు, నన్ను చూశాడు.

"అందరూ లోపలికెళ్ళి కిటికీలు వేసుకోండి. నా పని ఎవరూ చూడకూడదు."

"నేనీ వీధి సంఘం అధ్యక్షుణ్ణి."

"అయితే పెద్ద కిటికీ మీరే వెయ్యండి."

వేశాను. తర్వాత బాత్రూములోకి దూరి, స్టూలెక్కి, వెంటిలేటరు పలకల సందులోంచి చూశాను. బెదిరిన దూడని బుజ్జగించినట్టు ఆ తీగని మెల్లగా తిప్పుతూ లోపలికి పంపుతున్నాడు. అడుగులు లెక్కపెట్టాను. సరిగ్గా పదకొండో అడుగు దగ్గర ఆగింది. మణికట్టు ఒక్క మెలిక తిప్పి వెనక్కి లాగాడు.

గుడ్డే వచ్చింది. నా మాటే నిజమైందని స్టూలు మీదే ఛాతీ విరుచుకున్నాను. ఈలోగా ఆయన దాన్ని మగ్గు నీళ్ళతో జాడించి ఎత్తి పట్టుకున్నాడు. నాలుగు వేళ్ళ వెడల్పు. పట్టి లాగితే సాగుతోంది. కొసన రెండు పిన్నీసులు.

ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. ఈ ఏడు నడక పందెం దగ్గరపడేసరికి నా కుడి మోకాలు మొరాయించింది. ఎవరికీ తెలియకుండా పంచె కింద సాగే పట్టీ చుట్టుకునేవాణ్ణి. ఒకనాడు బాత్రూములో దాన్ని ఉతుకుతుంటే మా ఆవిడ పిలిచింది. వెళ్ళొచ్చేసరికి పట్టీ లేదు. వెంటిలేటరు లోంచి గాలికి పోయిందనుకున్నాను. నీళ్ళు తొందరగా పోవాలని తూము మీది జల్లెడ మూత తీసేసింది కూడా నేనే.

మేస్త్రి ఆ పట్టీని చుట్టగా చుట్టి సంచిలో వేసుకున్నాడు. చేతులు మూడుసార్లు కడుక్కుని అందరినీ పిలిచాడు. దర్జీ తల్లి మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగి వచ్చింది.

"ఏం వచ్చింది?" అడిగింది మా ఆవిడ.

"వేరండి."

హమ్మయ్య అనుకుని ఊరుకోవచ్చు కదా, దర్జీ అమ్మాయి ఊరుకోలేదు. "మన వీధిలో చెట్టే లేదు కదండీ" అంది. నిజాయితీ కూడా ఒక్కోసారి కొంప ముంచుతుంది. మేస్త్రి మొదటిసారి తడబడ్డాడు. అందరూ నా వంక చూశారు.

"ఉండేదమ్మా" అన్నాను. "ఇల్లు కట్టకముందు ఇక్కడ పెద్ద చెట్టు. దాని పాత వేరు. తప్పు నాదే, నిన్ను అనవసరంగా అన్నాను. ఈ ఇల్లు మీకు నచ్చినన్నాళ్ళు ఉండండి."

ఆ మాటలో సగం అబద్ధం, సగం నిజం. పావుగంటలో పైన మిషను మొదలైంది.

గేటు దగ్గర మేస్త్రి నా చేతిలో కాగితం పొట్లం పెట్టాడు. "ఈ వేరుకి సాగే గుణం ఉందండి. వేణ్ణీళ్ళలో ఉడికించి ఆరేస్తే మళ్ళీ పనికొస్తుంది."

"మంగలి దుకాణంలో వచ్చిందేమిటయ్యా?"

"వేరండి" అని సైకిలెక్కాడు.

ఈ ఊళ్ళో ఎంతమంది కోడళ్ళు, ఎంతమంది పనివాళ్ళు, ఎంతమంది నాలాంటి పెద్దమనుషులు ఆ ఒక్క మాట చాటున తలెత్తుకు తిరుగుతున్నారో. మా వీధికి దీపాలు తెచ్చానని చెప్పుకునే నేను, ఆయన పోతున్న వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం ఒక మొక్క తెచ్చి గేటు పక్కన గొయ్యి తవ్వడం మొదలుపెట్టాను.

"మోకాలు నొప్పి పెట్టుకుని ఇదేం పనండీ?" అంది మా ఆవిడ.

"మోకాలి సంగతి నీకెవరు చెప్పారు?"

"మోకాలి దగ్గర పంచెకి పిన్నీసు చిల్లులు పడుతుంటే ఉతికేది నేను కాదూ? ఇంతకీ ఈ మొక్క ఎందుకు?"

"ఆ మేస్త్రి మాటకి ఈ వీధిలో ఒక్క చెట్టయినా సాక్ష్యం ఉండాలి కదా."

అంతలో ఆయనే ఆ దారిన వస్తూ సైకిలు దిగాడు. మొక్కని చూశాడు, గోతిని చూశాడు, మడమతో నేల తట్టాడు.

"రెండు గజాలు అటు జరపండి పెద్దాయనా. ఇక్కడ పాతితే పైపులోకి వేర్లొస్తాయి" అన్నాడు. "వేర్లు తియ్యడం నాకు అలవాటు లేదు."