శామ్యూలు సమాధి మీద నాలుగో వరుస

దయ్యాలు లేవని ఇరవై ఏళ్లుగా సభల్లో చెబుతున్నాను. ఈ సంగతి రాసినందుకు నా అభిప్రాయం మారిందని ఎవరూ సంబరపడొద్దు. మారలేదు. కానీ నాకు అనుకూలమైన సాక్ష్యం చూపించి, ప్రతికూలమైనది దాచుకుంటే నేను ఇన్నాళ్లూ తిట్టిన వాళ్లకీ నాకూ తేడా ఏముంటుంది? అందుకే రాస్తున్నాను.

అరవై తొమ్మిదిలో మేం అశోక్‌నగర్‌లో అద్దెకుండేవాళ్లం. పక్క వాటాలో శామ్యూలు, రెజీనమ్మ దంపతులు. ఆయనది గుంటూరు వైపు బాప్టిస్టు కుటుంబం. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆవిడ నారాయణగూడలో పుట్టి పెరిగిన కేథలిక్కు. పెళ్లయ్యాక కూడా ఎవరి చర్చి వారిదే. ఆదివారం ఇద్దరూ కలిసి గేటు దాటి, చెరో దారిన వెళ్లేవారు. సాయంత్రాలు నేనూ శామ్యూలూ చిక్కడపల్లి ఇరానీ హోటల్లో కూర్చుని, దేవుడున్నాడా లేడా అని గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లం.

ఆ వేసవిలో ఆయన కడుపుకి ఆపరేషన్ జరిగి, మర్నాడు ఆసుపత్రిలోనే పోయాడు.

నవంబరు రెండున సమాధుల పండుగ. కేథలిక్కులు ఆ రోజు సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పోయినవారి కోసం ప్రార్థిస్తారు. ఆలోగా రాయి పెట్టించాలని రెజీనమ్మ పట్టుదల. దాని మీద ఏం చెక్కించాలన్న దగ్గర గొడవ మొదలైంది.

'ఇతని ఆత్మ కోసం ప్రార్థించండి' అని ఉండాలని ఆవిడ అంది. మోక్షానికి ముందు ఆత్మ శుద్ధి పొందే చోటొకటి ఉంటుందనీ, అక్కడి బాధ బతికున్నవాళ్ల ప్రార్థనలతో తగ్గుతుందనీ ఆవిడ మతం.

శామ్యూలు అన్న ఏసుపాదం గారు మండిపడ్డారు. "మా తమ్ముడు మంటల్లో ఉన్నాడని రాయి మీద రాయిస్తావా అమ్మా? వాడు ఆ క్షణమే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయాడు. వాడికి నీ ప్రార్థనలెందుకు?"

వాళ్ల చెల్లెలి భర్త దానియేలు శనివారం ఆరాధించే అడ్వెంటిస్టు. "బావగారూ, ఎవరూ ఎక్కడికీ పోలేదు. ప్రభువు వచ్చి లేపేదాకా నిద్రే. ఏమీ తెలియదు."

"ముందు నువ్వు నిద్ర లే నాయనా!" అన్నారు ఏసుపాదం గారు.

రెజీనమ్మ ఇద్దరినీ చూసింది. "మీరిద్దరు రెండు తీర్ల చెప్తున్రు. మా ఫాదర్ ఇంకో తీరు చెప్పిండు. ఆయన బాధల ఉన్నడా, లేడా? నాకు గదొక్కటి గావాలె."

ఏ చర్చికీ చెందనివాణ్ణని తీర్పు నాకు వదిలేశారు. తెలిసిన విషయాలే రాయి మీద ఉండాలన్నాను. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. అంతే.

వాదసభల్లో అబ్బిన అలవాటు నాకొకటుంది. ఒప్పుకున్నదేదైనా కాగితం మీద పెట్టి, కింద కార్బన్ కాగితంతో నకలు తీసి, అందరిచేతా సంతకాలు చేయిస్తాను. అలాగే మూడు వరుసలు రాశాను. అడుగున ముగ్గురూ సంతకాలు చేశారు. రెజీనమ్మ అందరికన్నా ఆఖరున, తలెత్తకుండా చేసింది. చూశాను, పట్టించుకోలేదు. వాదం గెలిచిన మత్తులో ఉన్నాను. అసలు కాగితాన్ని ఏసుపాదం గారు పైకి చదివి జేబులో పెట్టుకున్నారు. ఆ సాయంత్రమే రాయి చెక్కే ఖాసింకి ఇచ్చేశారు. పండుగ దాకా అది మళ్లీ నా చేతికి రాలేదు. నకలు నా సొరుగులో ఉంది.

పండుగనాటి ఉదయం నారాయణగూడ సమాధుల తోటలో ఖాసిం రాయి మీది గోనెపట్టా తీశాడు. మూడు వరుసలుండాల్సిన చోట నాలుగున్నాయి.

నాలుగోది: 'దాహం తీరింది.'

ఏసుపాదం గారు నా కాలరు పట్టుకున్నారు. "ఏమయ్యా, చచ్చినవాడి మీద కూడా వేళాకోళమా?"

ఖాసిం బెదిరిపోయాడు. "నాకు ఉర్దూ తప్ప ఏం చదువరాదు సార్. కాగితం మీద ఎట్లుంటే గట్లనే కొట్టిన. జర మీరే చూడుండ్రి." సంచిలోంచి కాగితం తీసి నాకిచ్చాడు.

మూడో వరుసకీ సంతకాలకీ మధ్య ఆ రెండు మాటలు ఉన్నాయి. నా దస్తూరీ. 'ద' చివర నేను లాగే తోక. పాళీ చీలి రెండు గీతలుగా పడే నా కలం. కాగితాన్ని ఎండకెత్తి పట్టి మళ్లీ చదివాను.

రెజీనమ్మ సమాధి పక్కనే కూలబడింది. "అన్నా, గీ ముచ్చట నీకెవరు చెప్పిన్రు?"

ఎవరూ చెప్పలేదన్నాను.

"ఆపరేషన్ అయినంక నీళ్లియ్యొద్దన్నరు. ఒక్క చుక్క పొయ్యి రెజీనా, ఒక్క చుక్క అని బతిమిలాడిండు. నేనియ్యలె. గట్లనే పోయిండు. గిది ఎవ్వరికి చెప్పలె నేను. ఫాదర్‌కు గూడ చెప్పలె."

బైబిల్లో, చచ్చి నరకపు మంటల్లో పడ్డ ధనవంతుడు ఒక్క నీటిబొట్టు కోసం ప్రాధేయపడిన కథ అక్కడున్న క్రైస్తవులందరికీ తెలుసు. ఆవిడ ఆర్నెల్లుగా అడుగుతున్న ప్రశ్న ఏమిటో అప్పుడు అర్థమైంది. నా కాలరు మీది చెయ్యి దానంతటదే జారిపోయింది.

"అన్నా, జర మంచినీళ్లు ఇప్పియ్యి" అంది. ఆయన పోయినప్పటి నుంచి గుక్క నీళ్లు తాగినా గొంతుకి అడ్డం పడేవట. ఖాసిం కూజాలోంచి గ్లాసు నింపిచ్చాడు. ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది.

తిరిగొచ్చే దారిలో బావాబావమరుదులు మళ్లీ వాదులాడుకున్నారు. ఆ రెండు మాటల్లో ఎవరి మతం వారికి కనబడింది.

నేను ఇంటికి పరిగెత్తి సొరుగు లాగాను. నకలులో మూడు వరుసలు, మూడు సంతకాలు. మధ్యన ఖాళీ.

పరధ్యానంలో నేనే రాశానా? అయితే నకలులోనూ పడాలి. తర్వాత రాశానా? కాగితం నా దగ్గర లేదు. ఎవరైనా నా దస్తూరీని అనుకరించారా? ఆ దాహం సంగతి తెలిసింది రెజీనమ్మ ఒక్కతికే, ఆవిడ ఆ కాగితాన్ని సంతకం తర్వాత తాకలేదు. మిత్రులకు రెండు కాగితాలూ చూపించాను. రాసి మరిచిపోయి ఉంటావన్నారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

తెలిసినవే రాయి మీద ఉండాలని తీర్పు చెప్పింది నేను. ఆ నాలుగో వరుస నాకు తెలియదు. రాత మాత్రం నాదే.