మట్టికి తోడు పెట్టిన టీచరమ్మ

కోదాడ బస్సు కండక్టరు కబురు తెచ్చాడు, మా టీచరమ్మ పోయారని. అయ్యో అంటూ కూలబడ్డాను. ఆ వెంటనే, తప్పో ఒప్పో, నవ్వొచ్చింది. ఆవిడను తలుచుకుంటే ముందు నవ్వే వస్తుంది, ఏం చేయను!

మిర్యాలగూడలో ఇద్దరం ఒకే సేటు ఇంట్లో పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. ఆవిడ బళ్లో సైన్సు చెప్పేవారు. సాగర్ నీళ్లొచ్చిన కొత్తలో సేటు పురుగుల మందు డబ్బాలు తెచ్చి పెరటి కొట్టంలో పెట్టాడు. ఒకటి కారి, మట్టంతా ఒకటే కంపు. దాన్ని తవ్వించి కాలువలో పారబోయడానికి బండి కట్టించాడు.

టీచరమ్మ ఎద్దులకు అడ్డంగా నిలబడ్డారు. "ఆ నీళ్లు జనం తాగుతారండీ! మట్టిలో కంటికి కనబడని బాక్టీరియా ఉంటాయి, ఆ మందును అవే తినేస్తాయి. కాస్త తోడు పెడితే చాలు."

"మట్టికి తోడేంది? పెరుగనుకున్నవా?" సేటు మండిపడ్డాడు. "దీపావళి దాక సూస్త. అప్పటికి పోకుంటే ఇల్లు ఖాళీ చెయ్యి!"

ముసలి తల్లితో ఉన్న ఒంటరి ఆడమనిషికి ఇంకెవరిస్తారు ఇల్లు? పంతం వదలమందామంటే, ఆ కాలువ నీళ్లే తాగే పిల్లలు నాకూ ఉన్నారు మరి. ఆవిడ మాత్రం వేములపల్లిలో పంట పంటకూ అదే మందు కొట్టే మడి నుంచి గంపెడు మట్టి బస్సులో మోసుకొచ్చారు. "ఇవి ఆ తిండికి అలవాటు పడ్డవి" అంటూ కలిపారు.

చుట్టూ కంప నాటి, పిల్లల్ని రానీయక, తడి ఆరకుండా నీళ్లు చల్లేవారు. "తినండమ్మా, మొహమాటపడకండి" అని బతిమాలేవారు. వీధంతా ఆవిడకు పిచ్చెక్కిందంది. ఆ మట్టి కడిగిన నీళ్లలో సున్నపు తేట పోస్తే పసుపు రంగు తేలేది. "మందు విరిగి మిగిలిన ముక్క ఇది. ఇదీ తినాలి. పసుపు తేలకపోతే అంతా తినేసినట్టే. ఇందులోని నత్రజని వాటికి మాంసం కూర" అనేవారు.

ప్రతి ఆదివారం ఆవిడ చర్చి నుంచి రాగానే ఈ పరీక్ష. మెల్లగా సేటుకూ యావ పట్టుకుంది. వడ్ల బేరం వదిలేసి వచ్చి, "తిన్నయా?" అని కొత్తల్లుడి సంగతి అడిగినట్టు అడిగేవాడు.

దీపావళి పొద్దున గ్లాసు చుట్టూ మూగాం. సున్నపు తేట పడింది. రంగు రాలేదు. సేటు నమ్మక మళ్లీ చేయించాడు. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. టీచరమ్మ మట్టిలోనే చతికిలబడి భోరుమన్నారు. అంతకాలం ఆవిడా భయపడుతూనే ఉన్నారని అప్పుడు తెలిసింది నాకు.

సేటు పరేషానయ్యాడు. "ఏడ్వకు టీచరమ్మా. ఖాళీ చేసేది నువ్వు గాదు, నా డబ్బాలు!" అంటూ ధోవతి ఎగ్గట్టి, ఒక్కో డబ్బానూ తనే పట్టుకుని, మందుల కొట్టుకు తిప్పి పంపే బండి వైపు నడిచాడు. వెనకాలే టీచరమ్మ, చెంపలు తడితడిగా, "మెల్లగా అండీ, మెల్లగా! ఒలికితే మళ్లీ నేనే వడ్డించాలి!"